రంగం మామ్మ పక్కన పెట్టిన రెండు పిక్కలు

ప్రశ్న: మా తాతగారి చెల్లెలు మా ఇంట్లోనే ఉండేది. రంగూన్‌లో పుట్టింది కాబట్టి ఊరంతా ఆమెని రంగం మామ్మ అనేవారు. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, కళింగపట్నం దగ్గర మా ఊళ్ళో ఇంటికి పెద్దదిక్కయింది. మా వంశంలో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎప్పుడు పుట్టారో ఆమెకే తెలుసు. వేసవి సెలవుల్లో పిల్లలందరినీ వసారాలో కూర్చోబెట్టి చింతపిక్కలు పేర్చి చెప్పేది. ఒక్కొక్కరికి ఒక పిక్క. చిన్నప్పుడే పోయినవాళ్ళకి సగం పిక్క. రెండు పిక్కలు మాత్రం వరసకి దూరంగా పెట్టి, "అవి తర్వాత చెప్తాను" అనేది.

పోయిన మాఘంలో, ఎనభై తొమ్మిదో ఏట పోయింది. తర్వాత మూడు నెలలకి తాతగారి తద్దినం వచ్చింది. పంతులుగారు మూడు తరాల పేర్లు అడిగారు. తాతగారి తాత పేరు దగ్గర నాన్న ఆగిపోయి, మామ్మ కూర్చునే గడప వైపు చూశారు. అందరం చూశాం. పేరు ఎవరికీ రాలేదు. ఆ క్షణం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అన్నేళ్ళు పక్కనే ఉండి ఒక్క కాగితం రాసుకోలేదు. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఫోన్‌లో తీసిన పదకొండు నిమిషాల రికార్డింగ్ తప్ప ఏమీ లేదు.

సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకి పంచాలనుకుంటున్నాను. మొదలుపెట్టానో లేదో గొడవలు. మామ్మ మాత్రం "నడిసొచ్చేసినాం, కొండ దిగినాక ఉప్పునీళ్ళు కనిపించేయి, అక్కడ అమ్మ ఏడిసింది" అనేది. ఆమె ఆఖరి తమ్ముడు, మా చిన్నతాత, తిరిగొచ్చాక పుట్టాడు. ఆయన "నడకా లేదు ఏమీ లేదు, చిట్టగాంగ్‌లో ఓడ దిగామని నాన్న చెప్పేవాడు" అంటాడు. తాతగారు "ప్రమోదూతలో, గలాటా ఏడు" పుట్టారని మామ్మ అంటే, ఆయన ఉద్యోగం కాగితాల్లో 1933 జులై 1 అని ఉంది. ఏది రాయాలి?

ఇంకొకటి. మూడేళ్ళ క్రితం ఆ రెండు పిక్కల సంగతి మామ్మ నా ఒక్కదానికే చెప్పింది. ముత్తాత రంగూన్‌లో ఒక బర్మా ఆమెని పెట్టుకున్నాడట. ఒక ఆడపిల్ల కూడా. 1942లో ఇద్దరినీ అక్కడే వదిలేసి వచ్చారట. ఇది పుస్తకంలో రాయొచ్చా? రాయకపోతే మామ్మకి అన్యాయం చేసినట్టా?
(పేరు వద్దన్నారు, విశాఖపట్నం)

సమాధానం:

ముందు ఆ గడప సంగతి. పేరు తెలియకపోవడం మీ ఒక్కరి తప్పు కాదు. తెలిసిన మనిషి ఇంట్లో ఉన్నంతకాలం ఎవరూ రాసుకోరు. రోజూ నీళ్ళొచ్చే ఇంట్లో బిందెలు నింపి పెట్టుకోనట్టే ఇదీ. మీ నాన్నగారికి డెబ్బై దాటి ఉంటాయి, ఆయనా రాసుకోలేదు. కాబట్టి అపరాధభావం కొంచెం పక్కన పెట్టి, ఆ పేరు ఇంకెక్కడెక్కడ ఉండొచ్చో చూద్దాం.

మీ పురోహితుల ఇంట్లో అడగండి. తరతరాలుగా ఒకే కుటుంబం మీ ఊరి తద్దినాలు పెట్టిస్తుంటే, వాళ్ళ పాత పుస్తకాల్లో యజమానుల పేర్లు, గోత్రాలు రాసి ఉంటాయి చాలాసార్లు. ఆయన కాకపోతే వాళ్ళ నాన్నగారి చేతిరాతలో. రెండోది భూమి కాగితాలు. రంగం వెళ్ళినవాళ్ళు అక్కడ కూడబెట్టింది మనియార్డరుగా పంపి ఊళ్ళో పొలం కొనడం మామూలు. మీ ముత్తాత కొన్న దస్తావేజు పెట్టెలో లేకపోయినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరికే అవకాశం ఉంది. అందులో ఆయన పేరు ఒక్కటే ఉండదు, "ఫలానా వారి కుమారుడు" అని ఉంటుంది. ఆ ఫలానా వారే మీకు కావాల్సిన మనిషి. ఏ ఏడాది కొన్నారో ఉజ్జాయింపుగా తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. మూడోది అటక మీద. పాత ఇత్తడి బిందెలు, కంచు చెంబులు దింపి, చింతపండుతో తోమి, అంచు కింద చూడండి. మన ఆడవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు కానీ బిందెల మీద ఉంటాయి. ఎవరి పెళ్ళికి ఎవరు పెట్టారో కూడా కొట్టించి ఉంటారు.

ఇక మీ రెండు తగాదాలు. రెండింటిలోనూ మామ్మ మాటే నిలబడేలా ఉంది.

ప్రమోదూత అనేది అరవై సంవత్సరాల వరసలో నాలుగోది. ప్రభవ 1927-28లో వచ్చింది కాబట్టి ప్రమోదూత 1930-31. 1930 మే నెలలో రంగూన్ రేవులో పెద్ద గలాటా జరిగింది. ఓడల్లో సరుకు ఎత్తి దింపే పని దాదాపు అంతా మనవాళ్ళదే. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలనేవారు. కూలి పెంచమని మనవాళ్ళు సమ్మె చేస్తే, ఆ రోజులకి బర్మా కూలీలని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి రాగానే వాళ్ళని పొమ్మన్నారు. అక్కడ మొదలై ఊరంతా పాకింది. చాలామంది తెలుగువాళ్ళు చనిపోయారు. ఎంతోమంది ఇళ్ళు వదిలి దాక్కున్నారు. ఆ ఏడు బిడ్డని కన్న తల్లి దాన్ని మర్చిపోతుందా? మీ ముత్తవ్వ చెప్పింది మామ్మకి గుర్తు. మామ్మకి 1930 అనే అంకె తెలియకపోవచ్చు, ప్రమోదూత తెలుసు, గలాటా తెలుసు. రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి.

మరి 1933 జులై 1? అమ్మా, మన దేశంలో ఆ తరంలో జులై 1న పుట్టినంతమంది ఇంకే రోజూ పుట్టలేదు. బళ్ళో చేర్చేటప్పుడు మేష్టారు వేసిన తేదీ అది. తిరిగొచ్చాక పన్నెండేళ్ళవాణ్ణి చిన్న తరగతిలో కూర్చోబెట్టాలంటే మూడేళ్ళు తగ్గించడం వింతేమీ కాదు. మా ఇంట్లో అన్నదమ్ములిద్దరు కాగితాల ప్రకారం నాలుగు నెలల తేడాతో పుట్టారు.

రెండోది, నడకా ఓడా? రెండూ అయ్యుండొచ్చు. 1941 డిసెంబర్ 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. అప్పటినుంచి టిక్కెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు, దొరకనివాళ్ళు నడక పట్టారు. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతిలోకి వెళ్ళిపోయాక రంగూన్ నుంచి ఓడల దారి మూసుకుపోయింది. నడక దారులు ముఖ్యంగా రెండు. ఒకటి మాండలే మీదుగా పైకి వెళ్ళి, తాము అనే ఊరి దగ్గర సరిహద్దు దాటి, ఇంఫాల్ నుంచి దిమాపూర్ రైలు దాకా. ఆ దారిలో సముద్రం తగలదు. రెండోది ప్రోం ఊరి నుంచి అరకాను కొండలు ఎక్కి టాంగప్ దగ్గర దిగేది. వంద మైళ్ళకి పైన కొండదారి. కలరాతో, దాహంతో చాలామంది ఆ దారిలోనే పోయారు. కొండ దిగితే సముద్రం. అక్కడినుంచి పడవల్లో, చిన్న స్టీమర్లలో అక్యాబ్, ఆ తర్వాత చిట్టగాంగ్. చిట్టగాంగ్ నుంచి కలకత్తా మీదుగా రైల్లో వాల్తేరు.

ఇప్పుడు మామ్మ మాట మళ్ళీ చదవండి. "కొండ దిగినాక ఉప్పునీళ్ళు కనిపించేయి." ఆరేళ్ళ పిల్లకి నడక గుర్తు, వాళ్ళ అమ్మ ఏడుపు గుర్తు. ముత్తాతకి బరువు దిగిన చోటు గుర్తు, అందుకే కొడుక్కి చిట్టగాంగ్ అని చెప్పాడు. లేదా నడక గురించి మాట్లాడటం ఆయనకి ఇష్టం లేదేమో. దారిలో ఎవరినైనా పోగొట్టుకున్న మనిషి ఓడ దగ్గరనుంచే కథ మొదలుపెడతాడు. మామ్మ పేర్చిన సగం పిక్కల్లో ఆ ఏటిది ఒకటి ఉందా? ఉంటే ఎవరిది? రికార్డింగ్‌లో దానికోసం వినండి.

పుస్తకంలో అందుకే తీర్పు ఇవ్వకండి. "మామ్మ ఇలా చెప్పేది, ముత్తాత ఇలా చెప్పేవాడని చిన్నతాత అంటాడు" అని రెండూ పక్కపక్కన పెట్టి, కింద దారి పటం ఒకటి వేయండి. చదివినవాళ్ళకే అర్థమవుతుంది. పాస్‌పోర్టుల కోసం, ఓడ కాగితాల కోసం మాత్రం ఎక్కువ తిరగకండి. 1937 ఏప్రిల్ దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కూలీలని తీసుకెళ్ళే మేస్త్రి వెంట ఓడ డెక్కు మీద కూర్చుని వెళ్ళినవాడికి పాస్‌పోర్టు ఎక్కడిది?

ఆ పదకొండు నిమిషాల గురించి. ఇవాళే దాన్ని ఇంకో రెండు చోట్ల పెట్టండి, ఒకటి కంప్యూటర్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న ఎవరి దగ్గరైనా. వాట్సాప్‌లో పంపేశాం కదా అని వదిలేయొద్దు, ఫోన్ మారిస్తే గాలికి పోతుంది. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట మాటా రాయండి. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. మా పెదనాన్న చెప్పిన మా ఊరి చెరువు కథ నేను రాసుకున్నాను. రాసేటప్పుడు ఆయన "ఎల్లిపోనాం" అన్నదాన్ని "వెళ్ళిపోయాము" చేశాను. "అప్పుడేటయ్యిందంటే" అన్నవన్నీ కొట్టేశాను. నీటుగా టైపు చేయించి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, "బాగుందమ్మా, ఇది ఎవరి కథ?" అన్నాడు. అసలు కాగితాలు అప్పటికే పారేశాను. మీరు మామ్మ "ఒలే గుంటా, ఇను" అంటే అలాగే రాయండి. మధ్యలో దగ్గితే దగ్గిందని రాయండి. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నలు కూడా రాయండి, ఎందుకంటే మామ్మ ఆ పిల్లకి చెప్పింది, మనకి కాదు.

ఫొటోలు ఉంటే వెనక పెన్సిల్‌తో పేర్లు రాయండి, బాల్‌పెన్ను వద్దు, ముందువైపు అచ్చు పడిపోతుంది. జిగురు ఆల్బమ్‌లో అతుక్కుపోయినవి పీకొద్దు, పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అంతే, దాని మీద ఇంక టైమ్ పెట్టొద్దు.

ఎందుకంటే మీ టైమ్ అంతా ఇప్పుడు వెళ్ళాల్సింది చిన్నతాత దగ్గరికి. మీరు ఆయన్ని గొడవ పెట్టే మనిషిగా రాశారు. ఎనభై దాటినాయన, ముత్తాత నోటి నుంచి నేరుగా విన్నవాళ్ళలో మిగిలినాయన. అక్క బతికున్నంతకాలం ఆ ఇంట్లో కథ చెప్పే హక్కు అక్కదే. ఈయన ఎప్పుడైనా నోరు తెరిచి ఉంటే "నీకేటి తెలుసురా, నువ్వప్పటికి పుట్టనేదు" అని ఉంటుంది. ఇప్పుడు ఆయన వాదిస్తున్నది మీతో కాదనుకుంటాను, పోయిన అక్కతో. వెళ్ళి ఎదురుగా కూర్చోండి. పుస్తకం కోసం అని చెప్పొద్దు, ఫోన్ బల్ల మీద పెట్టి, రికార్డు చేస్తున్నానని మాత్రం చెప్పండి. "ఏ సంవత్సరం" అని అడగకండి, అంకె అడిగితే పెద్దవాళ్ళు కంగారుపడి ఏదో ఒకటి చెప్పేస్తారు. విశాఖ ఉక్కు గొడవప్పటికి మీ పెళ్ళయిందా? శ్రీకాకుళం జిల్లా వేరుపడ్డప్పుడు ఏ తరగతి? వైజాగ్ మీద జపాను బాంబు పడేసరికి మీవాళ్ళు ఊరు చేరారా? ఆ బాంబు 1942 ఏప్రిల్ 6న పడింది. ఆ జవాబు ఒక్కటి దొరికితే మామ్మ నడక ఏ నెలల్లోదో తేలిపోతుంది.

అన్నిటికంటే ముందు, వాళ్ళ నాన్న ఎలా ఉండేవాడో అడగండి. ఏం తినేవాడు, కోపం వస్తే ఏమనేవాడు, బర్మా మాటలు ఏమైనా వాడేవాడా. అడిగి ఊరుకోండి. ఖాళీ వస్తే నింపొద్దు.

ఇక ఆ రెండు పిక్కలు.

మీ ఉత్తరంలో ఒక మాట నాకు గుచ్చుకుంది, "బర్మా ఆమెని పెట్టుకున్నాడట" అన్నారు. మామ్మ ఆ మాటే వాడిందా? నాకైతే నమ్మకం లేదు. ఆ రోజుల్లో మన తీరం నుంచి రంగం వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువ. మగవాళ్ళు ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉండేవారు, అక్కడి ఆడవాళ్ళతో కాపురాలు చేశారు, పిల్లలు పుట్టారు. 1942లో అలా చీలిపోయిన ఇల్లు మీదొక్కటే కాదు. అక్కడ ఆగిపోయినవాళ్ళ వారసులు, ఆ తర్వాత 1960లలో తిరిగొచ్చినవాళ్ళు ఎందరో. మీ విశాఖలో కంచరపాలెం బర్మా క్యాంపు ఎవరి పేరు మీద వెలిసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ముత్తాత మంచివాడా కాదా అన్నది నేను తేల్చలేను. కానీ మామ్మ చేసింది చూడండి. ఆ ఇద్దరికీ పిక్కలు పెట్టింది. వరసలో పెట్టడానికి ఆమెకి ధైర్యం చాలలేదు, తీసేయడానికి మనసూ రాలేదు. ఆ రెండో పిక్క ఆమెకి అక్కో చెల్లెలో అవుతుంది కదా. పిల్లలందరి ముందు, ప్రతి వేసవిలో, ఎనభై ఏళ్ళు వచ్చాక కూడా, లెక్కలో ఉంచింది.

ఈ పుస్తకంలో అచ్చు వేయకండి. దాచమని కాదు నా ఉద్దేశం. సంవత్సరీకం భోజనాల దగ్గర పంచిన పుస్తకంలో, చిన్నతాత తన తండ్రి గురించి యాభైమంది ఎదుట మొదటిసారి చదవడం న్యాయం కాదు. మామ్మ మీ ఒక్కరికే చెప్పింది, అదీ మూడేళ్ళ ముందు, తొందరేమీ లేకుండా. మీరు కూడా అంత నెమ్మదిగానే చెప్పాలి.

కానీ రాయడం మాత్రం ఈ వారమే రాయండి. మామ్మ ఏ రోజు, ఎక్కడ కూర్చుని, ఏ మాటలతో చెప్పిందో గుర్తున్నంతవరకు. మీకు గుర్తున్నది ఏదో, మీరు ఊహించింది ఏదో వేరువేరుగా. ఆ ఆడపిల్ల పేరు చెప్పి ఉంటే పెద్ద అక్షరాలతో. తేదీ వేసి సంతకం పెట్టి, కవర్లో పెట్టి, మీ అమ్మాయికి ఎక్కడుందో చెప్పండి. లేకపోతే ఇంకో ముప్ఫై ఏళ్ళకి మీ ఇంట్లో ఇంకెవరో గడప వైపు చూస్తారు.

చిన్నతాతకి చెప్పాలా? రెండో సారో మూడో సారో వెళ్ళినప్పుడు, ఆయన తండ్రి గురించి మాట్లాడుతుండగా, "మామ్మ రెండు పిక్కలు పక్కన పెట్టేది, అవేంటి తాతా?" అని అడిగి చూడండి. మీకు తెలుసని చెప్పొద్దు. నా అంచనా ఆయనకి తెలుసు. ఇంట్లో ఆఖరివాడికి తెలియదని మిగతావాళ్ళు అనుకుంటారు కానీ, తలుపు పక్కన నిలబడి వినేది వాడే. చెబితే, పుస్తకంలో ఉండాలో వద్దో ఆయన నోటితోనే తేలుతుంది. "నాకేం తెలుసు" అని మాట మారిస్తే, వదిలేయండి. ఆయన ఉన్నంతకాలం వదిలేయండి. వాళ్ళని వెతకడం గురించి మీరు అడగలేదు, నేనూ ఆశ పెట్టను. ఇంటిపేరు లేకుండా, ఊరు మారి, భాష మారి ఎనభై ఏళ్ళు దాటింది. మోల్మేను, రంగూన్ (ఇప్పటి యాంగాన్) చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, అక్కడికి ఎప్పుడైనా వెళ్ళే తెలిసినవాళ్ళు ఉంటే ఒక మాట వేయండి, అంతకుమించి వద్దు.

సంవత్సరీకం నాటికి పుస్తకం పూర్తి కాకపోతే టెన్షన్ పడకండి. నాలుగు పేజీలైనా చాలు. ఇంకా చెప్పాలంటే పుస్తకం లేకపోయినా పర్లేదు. భోజనాలయ్యాక, పెద్దవాళ్ళు నడుం వాల్చే వేళకి, పిల్లలందరినీ అదే వసారాలో కూర్చోబెట్టి చింతపిక్కలు తీయండి. మీరు తప్పులు పేరుస్తారు, ఫర్వాలేదు. "అలాక్కాదే, వాడు దీని తర్వాత" అని లోపల పడుకున్నవాళ్ళెవరో లేచి వస్తారు. చిన్నతాతే రావచ్చు. వచ్చినవాళ్ళ చేతికి పిక్కలు ఇచ్చి మీరు ఫోన్ పట్టుకోండి. ఆడవాళ్ళ పిక్కలకి కూడా పేరు అడగండి, "వాళ్ళావిడ" అంటే ఒప్పుకోవద్దు.

ఆఖరున ఆ రెండు పిక్కలూ వరసకి దూరంగా, మామ్మ పెట్టిన చోటే పెట్టండి. ఏ పిల్లో "అవెవరివి?" అని అడుగుతుంది. చిన్నతాత ఇంకా ఏమీ తేల్చలేదనుకోండి, మామ్మ చెప్పిన మాటే చెప్పండి. "అవి తర్వాత చెప్తాను."